ఓటుంది... అసెంబ్లీ లేదు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వెళ్లి అండమాన్‌లో స్థిరపడినవాళ్లు అక్కడ పంచాయతీ ప్రధాన్‌ను ఎన్నుకుంటారు, కౌన్సిలర్‌ను ఎన్నుకుంటారు, ఎంపీని ఎన్నుకుంటారు. తమను పాలించే గవర్నర్‌నూ, తమకు చట్టాలు చేసే సభనూ ఎన్నుకునే వీలు మాత్రం ఇప్పటికీ లేదు.

సోంపేట, కవిటి, మందస, వజ్రపుకొత్తూరు వైపు ఏ ఊళ్లో అడిగినా "మా చినాన్న అండమాన్‌లోనే ఉండిపోనాడు", "మా మేనత్తోళ్లది పోర్ట్ బ్లెయిర్" అనేవాళ్లు తగులుతారు. ఈ ఉద్దానం ప్రాంతం మనిషికి ఖరగ్‌పూర్, చెన్నై ఎంత తెలిసిన ఊళ్లో ఆ దీవులూ అంతే. విశాఖ రేవులో ఓడెక్కితే రెండు రాత్రులు దాటి మూడో రోజుకు చేరుకుంటారు. మొదట ఒకరు వెళ్తారు. వాళ్ల వెనక బావమరిది, ఆ తర్వాత ఆ ఊరి కుర్రాళ్లు. కొందరు సముద్రం మీద వేటకు, కొందరు రోడ్డు పనులకు, ఇంకొందరు తాపీ పనికి. వలసలకు పేరుపడ్డ ఈ జిల్లాల్లో ఇది కొత్త విషయం కాదు గనుక దీని గురించి ఎవరూ పెద్దగా రాయరు. కానీ అక్కడ స్థిరపడ్డవాళ్లు ఇప్పుడు చిన్న గుంపు కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల జనాభా 3,80,581. అందులో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవాళ్లు 13.24 శాతం. అంటే దాదాపు యాభై వేల మంది, ప్రతి ఎనిమిది మందిలో ఒకరు. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత నాలుగో స్థానం మనదే. వీళ్లలో ఎక్కువమంది మూలాలు ఉత్తరాంధ్రలోనే ఉన్నాయి.

ఈ యాభై వేల మందికి, వాళ్లతోపాటు ఆ దీవుల్లో ఉన్న అందరికీ, ఒక ప్రశ్న మిగిలే ఉంది. మమ్మల్ని ఎవరు పాలించాలో మేమెందుకు నిర్ణయించుకోకూడదు?

ఇక్కడ ఇచ్ఛాపురంలో ఉన్న అన్నకు ఎమ్మెల్యే ఉన్నాడు, ఎంపీ ఉన్నాడు. పింఛను ఆగినా, కిడ్నీ రోగులకు డయాలసిస్ కేంద్రం కావాలన్నా, కాలువ పూడిక తీయాలన్నా వెళ్లి నిలదీయడానికి ఒక గడప ఉంది. పాత శ్రీకాకుళం జిల్లాలో పది అసెంబ్లీ నియోజకవర్గాలు, పాత విజయనగరం జిల్లాలో తొమ్మిది. మొత్తం పందొమ్మిది మంది ఎమ్మెల్యేలు అమరావతిలో కూర్చుని ఈ ప్రాంతం పేరెత్తగలరు. అదే ఇంట్లో పుట్టి అండమాన్‌కు వెళ్లిన తమ్ముడికి ఎమ్మెల్యే అనే మనిషే లేడు. రాజ్యసభలో వాళ్లకు సీటు లేదు. లోక్‌సభలో ఒకే ఒక్క ఎంపీ. ఆయన నుంచి కిందికి దిగితే పంచాయతీ ప్రధాన్, సమితి ప్రముఖ్, జిల్లా పరిషత్ అధ్యక్ష్, మున్సిపల్ కౌన్సిలర్. వీళ్లందరికీ పైన ఢిల్లీ నుంచి వచ్చే లెఫ్టినెంట్ గవర్నర్, ఆయన వెంట వచ్చే ఐఏఎస్ అధికారులు. దీవుల బడ్జెట్ పార్లమెంటులో కేంద్ర హోంశాఖ పద్దుల్లో భాగంగా పాసవుతుంది. ఎంత ఖర్చు పెట్టాలి, దేనిమీద పెట్టాలి అని దీవుల్లో ఏ సభా కూర్చుని చర్చించదు, ఎందుకంటే అలాంటి సభ అక్కడ లేదు.

సైకిల్ గుర్తు సముద్రం దాటింది

అయినా అక్కడి తెలుగువాళ్లు రాజకీయాన్ని వదులుకోలేదు. ఉన్న చిన్న ఎన్నికల్లోనే తమ బలం చూపించారు. 2022 మార్చిలో పోర్ట్ బ్లెయిర్ మున్సిపల్ కౌన్సిల్‌కు ఎన్నికలు జరిగాయి. మొత్తం 24 వార్డులు. భాజపాకు గానీ కాంగ్రెస్ కూటమికి గానీ మెజారిటీ రాలేదు. తెలుగుదేశం పార్టీ రెండు వార్డులు గెలుచుకుంది. ఆంధ్రకు అవతల, అదీ సముద్రానికి అవతల, సైకిల్ గుర్తు మీద గెలవడమే విశేషమైతే, ఆ రెండు ఓట్లే ఎవరు కుర్చీ ఎక్కాలో తేల్చేవి కావడం అంతకన్నా విశేషం. మొదటి ఏడాది తెలుగుదేశం మద్దతుతో భాజపా అభ్యర్థి చైర్‌పర్సన్ అయ్యారు. 2023 మార్చి 14న భాజపా మద్దతుతో తెలుగుదేశం కౌన్సిలర్ ఎస్. సెల్వి 24 ఓట్లకు 14 తెచ్చుకుని చైర్‌పర్సన్‌గా ఎన్నికయ్యారు.

ఆ రోజు ఆంధ్ర పత్రికల్లో ఇది ఒక పొత్తు వార్తగానే వచ్చింది. 2024 ఎన్నికల్లో ఏ పార్టీ ఎవరితో కలుస్తుందో చెప్పే సంకేతంగానే ఇక్కడి వాళ్లు దాన్ని చదివారు. అందులో నాకు కనిపించిన సంగతి వేరు. తెలుగువాడు ఎక్కడికి వెళ్లినా ఎన్నికను వెంట తీసుకెళ్తాడు. జెండా, వార్డు, ఓటరు లిస్టు, బూత్ ఏజెంట్... ఇవన్నీ మన ఊళ్లలో చిన్నప్పటి నుంచీ ఒంటబట్టిన విద్యలు. ఈ ఓటు నిర్ణయాత్మకం కాగలదనడానికి 2019 లోక్‌సభ ఎన్నికే సాక్ష్యం. ఏప్రిల్ 11న ఆంధ్రలోనూ అండమాన్‌లోనూ ఒకేరోజు పోలింగ్ జరిగింది. అండమాన్‌లో కాంగ్రెస్ అభ్యర్థి కుల్‌దీప్ రాయ్ శర్మ గెలిచింది కేవలం 1,407 ఓట్ల తేడాతో. అంత దగ్గరి పోటీలో యాభై వేల మంది ఉన్న సమూహం ఎటు మొగ్గితే అటే ఫలితం. 2024లో భాజపా అభ్యర్థి బిష్ణు పద రే తిరిగి గెలిచారు.

కానీ మున్సిపాలిటీ చేతిలో ఉన్నదేమిటి? నీళ్లు, చెత్త, వీధి దీపాలు, మురుగు కాలువలు. అవి చిన్న పనులని నేను అనను. కుళాయి కోసం అర్ధరాత్రి లేచే ఆడవాళ్లకు అదే పెద్ద ప్రభుత్వం. అయితే ఓడల టికెట్ ధర, భూమి పట్టా, ఉద్యోగాల రిజర్వేషన్, అడవి, రేవు, కూలి రేటు... ఇవేవీ కౌన్సిల్ గదిలోకి రావు.

239 నుంచి 240 దాకా

దీనికి మూలం చరిత్రలో ఉంది. 1858లో బ్రిటిష్‌వాళ్లు అండమాన్‌ను ఖైదీల దీవిగా మార్చారు. మన్యం పితూరీల్లో పట్టుబడ్డవాళ్లలో కొందరినీ అక్కడికే పంపారు. ఖైదీల దీవికి ప్రజాస్వామ్యం అక్కర్లేదు, జైలు సూపరింటెండెంట్ చాలు అన్నది ఆనాటి లెక్క. ఆ పదవే 1872లో చీఫ్ కమిషనర్ అయింది. రెండో ప్రపంచ యుద్ధంలో 1942 నుంచి 1945 దాకా జపాన్ ఆక్రమణలో దీవులు నరకం చూశాయి. స్వాతంత్ర్యం వచ్చింది, చీఫ్ కమిషనర్ మిగిలాడు. దేశంలో 1952, 1957, 1962 సార్వత్రిక ఎన్నికలు జరిగినప్పుడు కూడా అండమాన్ ఎంపీని రాష్ట్రపతే నియమించారు. ఇక్కడ మన తాతలు క్యూలో నిలబడి బ్యాలెట్ పెట్టెలో ఓటు వేస్తుంటే, అక్కడికి వెళ్లిన మనవాళ్లు ఆ పని చేయడానికి 1967 దాకా ఆగాల్సి వచ్చింది. 1982లో చీఫ్ కమిషనర్ పేరు లెఫ్టినెంట్ గవర్నర్‌గా మారింది. నియమించేది మాత్రం ఢిల్లీయే. ఆ రోజుల్లోనే ప్రదేశ్ కౌన్సిల్ అని ఒకటి పెట్టారు. అది సలహా చెప్పగలదు, చట్టం చేయలేదు. తర్వాత అదీ పోయింది.

రాజ్యాంగంలోనే ఇందుకు తలుపు ఉంది. అది ఎవరికి తెరిచారు, ఎవరికి మూశారు అన్నదే అసలు విషయం. 1962లో 14వ సవరణతో 239ఎ అధికరణం వచ్చింది. హిమాచల్, మణిపూర్, త్రిపుర, గోవా-డామన్-డయ్యూ, పాండిచ్చేరిలకు శాసనసభలు పెట్టుకునే వీలు కల్పించారు. అందుకే పాండిచ్చేరిలో భాగమైన యానాం, 2011లో యాభై అయిదు వేల జనాభా ఉన్న చిన్న తెలుగు పట్టణం, తన ఎమ్మెల్యేను తానే ఎన్నుకుంటోంది. అండమాన్ ఆ జాబితాలో చేరలేదు. దానికి 240వ అధికరణం వర్తిస్తుంది. ఆ దీవుల శాంతి, పురోగతి, సుపరిపాలన కోసం రాష్ట్రపతి నిబంధనలు జారీ చేయవచ్చు, వాటికి పార్లమెంటు చట్టంతో సమానమైన బలం ఉంటుంది అని ఆ అధికరణం చెబుతుంది. అంటే ఆచరణలో కేంద్ర హోంశాఖ రాసిందే చట్టం.

జనాభా తక్కువ కదా అని వెంటనే జవాబు వస్తుంది. ఈ జవాబును నేను ఒప్పుకోలేను. 1975లో సిక్కిం రాష్ట్రమైనప్పుడు, 1971 లెక్కల ప్రకారం, దాని జనాభా 2.10 లక్షలు. మిజోరం 1972లో శాసనసభతో కేంద్రపాలిత ప్రాంతమైనప్పుడు దాని జనాభా 3.32 లక్షలు. ఈ రోజు అండమాన్ జనాభా ఆ రెండింటికన్నా ఎక్కువ. లక్షద్వీప్ సంగతి కాసేపు పక్కన పెడదాం, అక్కడ 64 వేల మందే ఉన్నారు. అయినా 2021లో అడ్మినిస్ట్రేటర్ తెచ్చిన ముసాయిదా నిబంధనల మీద ఆ దీవుల జనం ఇంటిముందు నిరాహార దీక్షలు చేశారు. సభ లేని చోట జనానికి మిగిలేది అలాంటి నిరసనే.

పసిఫిక్‌లోని చిన్న దీవులు

అమెరికా కింద ఉన్న గువామ్ దీవి సంగతి చూడండి. 1898 నుంచి దాన్ని ఎక్కువ కాలం అమెరికా నౌకాదళ అధికారులే పాలించారు. 1950లో పౌర పాలన వచ్చినా గవర్నర్‌ను వాషింగ్టనే నియమించేది. దీవి జనం అడిగి అడిగి, 1968లో చట్టం చేయించుకుని, 1970 నవంబరులో తొలిసారి తమ గవర్నర్‌ను తామే ఎన్నుకున్నారు. కార్లోస్ కమాచో గెలిచారు. 2020 లెక్కల ప్రకారం గువామ్ జనాభా దాదాపు లక్షా యాభై నాలుగు వేలు, అంటే అండమాన్‌లో సగం కూడా లేదు. అయినా వాళ్లకు ఎన్నికైన గవర్నరూ, పదిహేను మంది సెనేటర్ల శాసనసభా ఉన్నాయి. కరీబియన్‌లోని అమెరికా వర్జిన్ దీవుల జనం కూడా 1970లోనే తొలిసారి గవర్నర్‌ను ఎన్నుకున్నారు. యాభై వేలకు లోపు జనాభా ఉన్న అమెరికన్ సమోవా 1977లో ఆ హక్కు పొందింది. ఉత్తర మరియానా దీవులదీ అంతే జనాభా, వాళ్లకూ ఎన్నికైన గవర్నర్ ఉన్నారు. శ్రీకాకుళం జిల్లాలోని ఒక మండలమంత జనం అది.

ఆ దీవులను ఆదర్శంగా పెట్టమని నా ఉద్దేశం కాదు. వాళ్లకూ పెద్ద లోటుంది. అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో వాళ్లకు ఓటు లేదు. కాంగ్రెస్‌లో వాళ్ల ప్రతినిధి కూర్చోగలడు, మాట్లాడగలడు, సభలో తుది ఓటు వేయలేడు. ఆ విషయంలో అండమాన్ వాళ్లే మెరుగు. అండమాన్ ఎంపీ ఓటు, శ్రీకాకుళం ఎంపీ ఓటు లోక్‌సభలో సమానమే. ఆ సమానత్వాన్ని మన దేశం ఇచ్చింది. దానికి తోడు ఇంటి పాలన కూడా ఇస్తే పోయేదేమీ లేదు.

ఇదే తీరం నుంచి అంతకన్నా ముందే మరో సముద్రానికి వెళ్లిన మనవాళ్లున్నారు. 19వ శతాబ్దంలో గంజాం, విశాఖ, గోదావరి జిల్లాల నుంచి కూలీలుగా మారిషస్ వెళ్లారు. అప్పట్లో చికాకోల్ అని పిలిచే మన శ్రీకాకుళం గంజాం జిల్లాలోనే ఉండేది. కొందరు ఎక్కింది కోరంగి రేవు. చెరుకు తోటల్లో నలిగిన ఆ కుటుంబాలు 1967 ఎన్నికల్లో ఓటు వేసి, 1968 మార్చి 12న స్వతంత్ర దేశ పౌరులయ్యాయి. ఇప్పుడు మారిషస్‌లో ఉగాది జాతీయ సెలవు దినం. అంతేకాదు, ఆ దేశంలోనే రోడ్రిగ్స్ అనే చిన్న దీవి ఉంది. నలభై వేల పైచిలుకు జనం. 2002లో దానికి సొంత ప్రాంతీయ అసెంబ్లీ ఎన్నికలు జరిగాయి. దాన్ని నడిపే నాయకుణ్ణి ఆ అసెంబ్లీ సభ్యులే ఎన్నుకుంటారు. ఒకే తీరం నుంచి బయల్దేరిన రెండు వలసల్లో ఒకటి ప్రభుత్వం దాకా వెళ్లింది, రెండోది వార్డు కౌన్సిల్ దగ్గరే నిలిచిపోయింది.

సభ ఉంటే అడిగే ప్రశ్నలు

సభ లేకపోతే నష్టం ఏమిటి అంటే, జరిగిన రెండు మూడు సంగతులు చెబుతాను.

ఇక్కడ బీసీలుగా ఉన్న కులాల కుటుంబాలే అండమాన్ వలసల్లో ఎక్కువ. వాళ్లు ఓడ దిగగానే ఆ గుర్తింపు రేవులోనే ఉండిపోతుంది. అండమాన్ ఓబీసీ జాబితాలో ఉన్నవాళ్లు 1942కు ముందే స్థిరపడినవారి సంతతి, భాంతులు, మోప్లాలు, కరెన్లు, తూర్పు పాకిస్థాన్ నుంచి తెచ్చి స్థిరపరిచిన బెంగాలీలు. ఉత్తరాంధ్ర నుంచి 1950ల తర్వాత వెళ్లిన జాలరి మనవడికి ఆ జాబితాలో చోటు లేదు. షెడ్యూల్డ్ కులాల జాబితా అయితే ఆ దీవులకు అసలే లేదు. అక్కడే పుట్టి, అక్కడే తెలుగు మాధ్యమంలో చదివి, అక్కడే ఉద్యోగానికి పోటీపడే మూడో తరం పిల్లలు జనరల్‌లో నిలబడాలి. ఈ జాబితా న్యాయమా కాదా అని వాదించుకునే చోటు ఒక శాసనసభే. అది లేక, ఈ గోడు వినతిపత్రాల్లోనే ముగుస్తోంది.

రెండోది కూలి సంగతి. ప్రభుత్వ శాఖల్లో ఏళ్ల తరబడి రోజుకూలీ మీద పనిచేసే మజ్దూర్లను అక్కడ డీఆర్‌ఎం అంటారు. పెంచిన వేతనం, కరువు భత్యం ఇవ్వాలన్న ఆదేశం అమలు కాలేదని వాళ్లు కోర్టుకెక్కారు. 2023 ఆగస్టు 3న కలకత్తా హైకోర్టు పోర్ట్ బ్లెయిర్ బెంచ్ దీవుల ప్రధాన కార్యదర్శిని సస్పెండ్ చేసి, లెఫ్టినెంట్ గవర్నర్‌కు ఐదు లక్షల రూపాయల జరిమానా వేసింది. మర్నాడే సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. న్యాయపరంగా ఎవరిది ఒప్పన్నది వేరే విషయం. కూలి రేటు కోసం కోర్టు ధిక్కార కేసుదాకా వెళ్లాల్సి రావడమే నన్ను కలవరపెట్టింది. ఎమ్మెల్యే ఉన్న చోట అది జీరో అవర్ ప్రశ్న, మంత్రి హామీ, రేపటి పత్రికలో శీర్షిక.

మూడోది అన్నిటికన్నా పెద్దది. గ్రేట్ నికోబార్‌లో గలాతియా బే దగ్గర ఓడరేవు, విమానాశ్రయం, విద్యుత్ కేంద్రం, కొత్త పట్టణం కట్టే 72 వేల కోట్ల రూపాయల ప్రాజెక్టుకు 2022లో పర్యావరణ అనుమతి వచ్చింది. దాదాపు 130 చదరపు కిలోమీటర్ల అడవి పోతుంది. మొదట ఒప్పుకున్న గిరిజన మండలి అదే ఏడాది నవంబరులో తన అంగీకారాన్ని వెనక్కి తీసుకుంది. ఆ దీవిలోని క్యాంప్‌బెల్ బేలో 1969 నుంచి మాజీ సైనికులను స్థిరపరిచారు. వాళ్లలో ఆంధ్ర నుంచి వెళ్లిన కుటుంబాలూ ఉన్నాయి. 2004 సునామీలో వాళ్లు సర్వం పోగొట్టుకున్నారు. ఇప్పుడు వాళ్ల భూములు, వాళ్ల పిల్లల ఉద్యోగాలు ఈ ప్రాజెక్టుతో ముడిపడి ఉన్నాయి. కావాలనే వాళ్లున్నారు, వద్దనే వాళ్లున్నారు. దేశమంతా దీనిమీద వ్యాసాలు రాస్తోంది. ఆ దీవుల మనుషులు మాత్రం తమ సభలో లేచి నిలబడి ఒక్కసారి కూడా చర్చించలేదు.

మన్యం నేర్పిన జాగ్రత్త

ఇక్కడిదాకా వచ్చాక నిజాయితీగా ఎదుర్కోవలసిన అభ్యంతరం ఒకటుంది. అండమాన్‌లో అసెంబ్లీ వస్తే ఓట్లు ఎవరివి? వలస వెళ్లి స్థిరపడినవాళ్లవి. బెంగాలీ, హిందీ, తమిళ, తెలుగు, మలయాళ జనం. ఆ నేల అసలు వారసులు ఎంతమంది? 2011 లెక్కల్లో జారవాలు 380, ఓంగేలు 101, గ్రేట్ అండమానీయులు 44, షోంపెన్లు 229. సెంటినలీయుల లెక్క అంచనాయే. నికోబారీలను కలిపితే గిరిజనులు మొత్తం 28,530 మంది. వలసవాళ్ల ఓట్లతో గెలిచిన ప్రభుత్వం అడవిలోకి రోడ్డు వేయమంటే, రిజర్వు భూమిని పంచమంటే, అడ్డుకునేదెవరు? జారవాల అడవి మీదుగా వేసిన అండమాన్ ట్రంక్ రోడ్డును మూయమని 2002లో సుప్రీంకోర్టు చెప్పినా ఆ దారిలో బస్సులు తిరుగుతూనే ఉన్నాయి. ఎన్నికైన సభ ఉంటే ఆ ఒత్తిడి ఇంకా పెరుగుతుందన్న భయం అబద్ధం కాదు.

ఇది శ్రీకాకుళం మనిషికి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. పార్వతీపురం, సీతంపేట ఏజెన్సీలో సవరల, జాతాపుల భూములు మైదానం షావుకార్ల చేతుల్లోకి పోయింది ఎన్నికలు జరుగుతున్న కాలంలోనే. 1967 అక్టోబరు 31న లేవిడిలో గిరిజనులు కోరన్న, మంగన్న కూలిపోయిన తర్వాత, మన్యం మండిన తర్వాతే గిరిజన భూములను కాపాడే 1/70 వచ్చింది. అది అసెంబ్లీలో పాసైన చట్టం కాదు. ఐదో షెడ్యూలు కింద గవర్నర్ పేరుతో వచ్చిన నిబంధన. మెజారిటీ ఓటు చేరలేని చోట గిరిజనుడికి ఆసరాగా నిలిచింది అదే. అండమాన్‌లో ఆదివాసుల రక్షణకు 1956లో తెచ్చిన నిబంధన కూడా అలాంటిదే, రాష్ట్రపతికి ఉన్న నిబంధనల అధికారం ఆ రక్షణకు ఉపయోగపడింది.

అందుకే నేను కోరుకునే సభ షరతులతో కూడినది. గిరిజన రిజర్వు భూములు, 1956 నిబంధన ఆ సభ చేతికి అందకూడదు. నికోబారీలకు వాళ్ల జనాభాకు మించిన సీట్లు ఉండాలి. వాళ్ల గ్రామ కెప్టెన్లు, గిరిజన మండళ్లు ఇప్పటికే నడుపుతున్న వ్యవస్థను సభ మింగేయకూడదు. గ్రేట్ నికోబార్ లాంటి విషయాల్లో గిరిజన మండలి మాటకు అడ్డుచెప్పే హక్కు సభకు గానీ ఢిల్లీకి గానీ ఉండకూడదు. వలస వెళ్లిన తెలుగువాడు తన హక్కు అడుగుతున్నప్పుడే ఈ మాటలు కూడా అడగాలి. మన జిల్లాల్లో గిరిజనుల పక్షాన నిలబడ్డ తరాల వారసత్వం సముద్రం దాటాక మరిచిపోతే ఆ డిమాండ్‌కు బలం ఉండదు.

అక్కడి ఎంపీలు పార్టీలకు అతీతంగా శాసనసభ కోసం అడుగుతూనే ఉన్నారు. కానీ దీవుల ఒక్క ఓటుతో పార్లమెంటు కదలదు. రాజ్యాంగాన్ని సవరించి 239ఎలో అండమాన్ నికోబార్ పేరు చేర్చాలి. ఇప్పుడు అందులో మిగిలింది పుదుచ్చేరి ఒక్కటే. సవరణ కోసం గొంతెత్తగల ఎంపీలు ఉత్తరాంధ్రలో ఉన్నారు. శ్రీకాకుళం ఎంపీ ఇప్పుడు కేంద్ర మంత్రివర్గంలో ఉన్నారు, తెలుగుదేశం కేంద్ర ప్రభుత్వంలో భాగస్వామి. పేరు శ్రీ విజయపురంగా మారిన పోర్ట్ బ్లెయిర్‌లో సైకిల్ గుర్తు మీద గెలిచిన కౌన్సిలర్లున్నారు. అక్కడి పంచాయతీలు, మున్సిపాలిటీ 2022లో ఎన్నికయ్యాయి గనుక ఐదేళ్ల గడువు 2027లో పూర్తవుతుంది. అప్పుడు ఓటు అడగడానికి ఇక్కడి నుంచి నాయకులు ఓడలో, విమానంలో వెళ్తారు. వార్డులో వీధి దీపం గురించి హామీ ఇస్తారు. 239ఎ సవరణ గురించి పార్లమెంటులో ఏం మాట్లాడతారో కూడా ఆ సభల్లోనే చెప్పమని ఆ పట్టణంలోని జంగ్లీఘాట్ జాలరి కాలనీలో నిలబడి అడగాలి. సోంపేటలో ఉన్న అన్నలూ ఇక్కడి నుంచి అదే అడగాలి.